యాభై శాతం సుంకం ఎవరి జేబుకు చిల్లు: రొయ్య లెక్కతో సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు టీవీ చర్చలో ఒకాయన "ఆ భారం అమెరికా వాళ్లదే" అన్నారు, ఇంకొకాయన "మొత్తం మన రైతు నెత్తినే పడుతుంది" అన్నారు. ఎవరి మాట నమ్మాలి? సుంకం అమల్లోకి రాకముందే భీమవరంలో రొయ్య రేటు ఎందుకు పడింది? రష్యా చమురు గొడవకీ రొయ్యకీ ఏమిటి సంబంధం? ఇలాంటి తగాదాల్లో మామూలు జనం ఏది చూసి ఒక అభిప్రాయానికి రావాలి?

ముందు నా జవాబు చెప్పేస్తాను. సుంకం ఎవరు కట్టాలో చట్టం చెబుతుంది. దాన్ని చివరికి ఎవరు మోస్తారో మాత్రం ఎవరు ఆగగలరు, ఎవరికి ఇంకో దారి ఉంది అన్నదాన్నిబట్టి తేలుతుంది. కాబట్టి టీవీలో ఇద్దరూ సగం సగం చెప్పారు. మిగతా సగం లెక్కలో ఉంది.

కాగితం మీద సుంకం కట్టేది అమెరికాలో సరుకు దించుకునే దిగుమతిదారు. అక్కడి కస్టమ్స్ మన ఎఫ్‌ఓబీ ధర మీదే, అంటే ఓడ కిరాయి, బీమా కలపకుండా, శాతం వేస్తుంది. ఇంతవరకు "అమెరికా వాళ్లే కడతారు" అన్న మాట నిజమే. కానీ రొయ్య వ్యాపారంలో చాలా ఒప్పందాలు డీడీపీ పద్ధతిలో జరుగుతాయి. అంటే సుంకం కట్టి సరుకును కొనుగోలుదారు గోడౌన్‌కు చేర్చే పూచీ అమ్మేవాడిది. అందుకోసం మన ఎగుమతి కంపెనీలు అమెరికాలో సొంతంగా ఒక చిన్న కంపెనీ పెట్టుకుని, దాని పేరు మీదే దిగుమతి చేసుకుంటాయి. అక్కడ చలానా మీద ఉండేది అమెరికా కంపెనీ పేరే, వెనక ఉన్న డబ్బు మాత్రం విశాఖదో కాకినాడదో. ధర ముందే కుదిరిపోయి, ఓడ సముద్రంలో ఉండగా సుంకం పెరిగితే ఆ తేడా పూర్తిగా ఎగుమతిదారు మీదే పడుతుంది.

దీనికి తోడు బాండు, అంటే సుంకం కట్టకపోతే మేం కడతామన్న హామీ పత్రం, ఒకటి. దిగుమతిదారు ఏడాదిలో కట్టే సుంకంలో సుమారు 10 శాతానికి కస్టమ్స్ దగ్గర బాండు ఉంచాలి. ఏడాదికి 10 లక్షల డాలర్లు కట్టేవాడికి లక్ష డాలర్ల బాండు సరిపోతుంది. సుంకం 60 లక్షలకు పెరిగితే బాండు 6 లక్షలు కావాలి, దాన్ని ఇచ్చే సంస్థ వెంటనే హామీ అడుగుతుంది. పెద్ద కంపెనీ ఇది తట్టుకుంటుంది. చిన్న ఎగుమతిదారుకు చెరువు దగ్గర సరుకు కొనడానికి ఉంచుకున్న డబ్బు అక్కడ ఇరుక్కుపోతుంది. రేటు తగ్గించి అడగడానికి, "ఈ వారం కొనం" అనడానికి ఇది ఒక నిజమైన కారణం. చర్చల్లో దీని ఊసే రాదు.

ఇక శాతాలు. 2025 ఏప్రిల్ 2న మనకు 26 శాతం ప్రకటించారు, వారం తిరగకుండా దాన్ని ఆపి, అందరితో పాటు 10 శాతం ఉంచారు. ఆగస్టు 7 నుంచి 25 అయింది. రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25 కలిపారు. రొయ్యకు వీటికంటే ముందు నుంచే ఇంకో రెండు భారాలున్నాయి. ఒకటి 2005 నుంచి ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ తక్కువ ధరకు సరుకు కుమ్మరిస్తున్నారని వేసేది, కంపెనీని బట్టి మారుతుంది, ఆ సమయంలో చాలామందికి 2.49 శాతం. రెండోది 2024 చివర్లో వేసిన సబ్సిడీ వ్యతిరేక సుంకం, ఎక్కువమందికి 5.77 శాతం. అన్నీ కలిపితే అప్పట్లో 58.26. అదే రొయ్యలో మనకు పోటీ దేశమైన ఈక్వెడార్‌కు అప్పుడు 15, దాని మీద సబ్సిడీ సుంకం 3.78, కలిపి 18.78. ఇండోనేషియాకు 19, వియత్నాంకు 20 శాతం, వాటికీ పాత సుంకాలు కొన్ని వేరే ఉన్నాయి. మన 58 కంటే, మన 58కీ ఈక్వెడార్ 19కీ ఉన్న దూరమే అసలు దెబ్బ. అందరికీ 58 వేసి ఉంటే అమెరికాలో రొయ్య ధర పెరిగేది, చాలా భాగం అక్కడివాళ్లే మోసేవాళ్లు.

ఇప్పుడు ఒక కిలో తీసుకుని లెక్క వేద్దాం. ధరలు ఉదాహరణకే, మీ దగ్గరి రేటు వేసి మీరే మళ్లీ చేసుకోవచ్చు. చెరువు గట్టు మీద 40 కౌంటు, అంటే కిలోకు 40 తూగే రొయ్య, కిలో 350 రూపాయలు అనుకోండి. ఒక్కో రొయ్య 25 గ్రాములు. తల తీస్తే 65 శాతం మిగులుతుంది, అంటే 16 గ్రాముల చిల్లర. అమెరికా పెట్టె మీద ఇదే "పౌండుకు 26 నుంచి 30" అని కనిపిస్తుంది. పెంకు, నరం, తోక కూడా తీస్తే మొత్తం మీద చేతికొచ్చేది 52 శాతం దాకా. కాబట్టి ఒలిచిన కిలోకు పచ్చి సరుకు ఖర్చే 350ని 0.52తో భాగిస్తే 673 రూపాయలు. ఐసు, పీలింగ్ కూలి, ఫ్రీజింగ్, అట్టపెట్టె, పోర్టు దాకా రవాణా, లాభం అన్నీ కలిపి ఇంకో 107 వేయండి. ఎఫ్‌ఓబీ 780.

దీని మీద 58.26 శాతం అంటే 454 రూపాయలు. అమెరికాలో దిగేసరికి సరుకు 1,234 అవుతుంది. ఈక్వెడార్ కూడా అదే 780కి అమ్మితే అక్కడ దిగేది 926కే. ఆ 926కి మనం దిగాలంటే మన ఎఫ్‌ఓబీ 585 ఉండాలి. 195 రూపాయలు తగ్గాలి. కూలి, ఐసు, అట్టపెట్టె ధరలు తగ్గవు కదా, ఆ 195 మొత్తం పచ్చి సరుకు మీదికే వస్తుంది. దాన్ని మళ్లీ 0.52తో గుణిస్తే చెరువు దగ్గర కిలోకు 101 రూపాయల కోత. 350 రొయ్య 249 అన్నమాట.

అయినా అంత మొత్తం పడలేదు. పడకపోవడానికి కారణం చేతిపని. ఈక్వెడార్ ప్రధానంగా తలతోనో, పెంకుతోనో అమ్ముతుంది, అక్కడ కూలి ఖరీదు. ఒక్కొక్కటిగా ఒలిచి, నరం తీసి, సైజుల వారీగా వేరుచేసే పని మన పీలింగ్ షెడ్లలో ఆడవాళ్లు చేస్తున్నంత పెద్ద ఎత్తున వాళ్లు వెంటనే చేయలేరు. 2024-25లో మన దేశం నుంచి అమెరికాకు వెళ్లిన ఫ్రోజెన్ రొయ్య 3,11,948 టన్నులు. మొత్తం 7,41,529 టన్నుల ఎగుమతిలో 42 శాతం. అంత సరుకుకు రాత్రికి రాత్రి ఇంకో దేశం దొరకదు కాబట్టి అమెరికా కొనుగోలుదారు కూడా కొంత మోయాల్సి వచ్చింది. పెంకుతో వెళ్లే సరుకులో మనకు ఈ బలం తక్కువ, అక్కడ ఈక్వెడార్ నేరుగా మన చోటులోకి వస్తుంది. రొయ్య రైతు సంఘాలు సుంకం గురించి మాట్లాడేటప్పుడు "మా ప్లాంట్ల నుంచి వెళ్లేదాంట్లో ఒలిచింది ఎంత, పెంకుతో ఎంత" అని అడగాలి. నష్టం అంచనా దాని మీదే ఆధారపడుతుంది.

రూపాయి విలువ తగ్గడం కూడా కొంత ఆదుకుంటుంది. ఆగస్టు 29న డాలర్ మొదటిసారి 88 దాటింది. కానీ అది ఒకటి రెండు శాతాల ఊరట, 50 శాతం ముందు అది ఏ మూలకు?

రేటు ముందే ఎందుకు పడిందంటే, ఇవాళ పట్టిన రొయ్య ఇవాళ అమెరికా చేరదు. ప్లాంటులో ఒకటి రెండు రోజులు, కంటైనర్ నిండడానికి వారం పది రోజులు, విశాఖ నుంచి అమెరికా తూర్పు తీరానికి నెల పైమాటే. జూలై ఆఖర్లో పట్టింది సెప్టెంబరు సగానికో చివరికో దిగుతుంది. కొనేవాడు ఆ రోజు ఉండబోయే సుంకాన్ని చూసి ధర చెబుతాడు. దారిలో ఉన్న సరుకుకు మినహాయింపు లేదా అంటే ఉంది. దాని తేదీలు మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఆగస్టు 7 పెంపులో, ఆ తేదీకి ముందు ఓడెక్కి అక్టోబరు 5 లోపు అక్కడ విడుదలైన సరుకుకు పాత 10 శాతమే. అది మనకు పనికొచ్చింది. ఆగస్టు 27 పెంపులో మాత్రం గడువు సెప్టెంబరు 17, అంటే 21 రోజులు. ఆ పెంపుకు ముందు చివరి రోజుల్లో ఎక్కిన మన సరుకు అంతలో తూర్పు తీరం చేరదు. "దారిలో ఉన్న సరుకుకు మినహాయింపు" అని పేపర్లో ఒకే మాట రెండుసార్లు వచ్చింది, ఒకసారి దానికి విలువ ఉంది, రెండోసారి చాలా తక్కువ. ఇలాంటి ఉత్తర్వు వస్తే శీర్షిక వదిలేసి "ఏ తేదీలోపు ఎక్కాలి, ఏ తేదీలోపు దిగాలి" అన్న వాక్యం వెతకండి.

చిన్న కౌంట్ల సంగతి వేరు. 100 కౌంటు అమెరికాకు పెద్దగా వెళ్లదు, చైనా, ఇతర దేశాల వైపు ఎక్కువ. అయినా దాని రేటూ తగ్గించారని రైతులు గొడవపెట్టారు. ఆ కోపం న్యాయమైనదే. అమెరికాకు వెళ్లాల్సిన సరుకు మిగతా మార్కెట్లలోకి మళ్లితే అక్కడా ధర పడుతుందన్న వాదన నిజమే, కానీ అది జరగడానికి వారాలు పడుతుంది. ప్రకటన వచ్చిన మర్నాడే అన్ని కౌంట్లకూ ఒకే కోత పెడితే అది భయాన్ని అడ్డం పెట్టుకున్న బేరమే. అలాంటప్పుడు కౌంటు వారీగా, ఏ దేశానికో చెప్పి, కోతకు లెక్క చూపించమని అడిగే హక్కు రైతుకు ఉంది.

ఇదంతా ఎవరు ఆగగలరన్న దగ్గరికే వస్తుంది. అమెరికా టోకు వ్యాపారి ముందే సరుకు తెప్పించి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్నాడు, రెండు మూడు నెలలు ఆగుతాడు. ప్లాంటు కొంతకాలం ఆగుతుంది. చెరువు ఆగదు. 20 గ్రాముల రొయ్య ఒక టన్ను ఉన్న చెరువుకు రోజుకు 20 కిలోల పైచిలుకు మేత కావాలి, నీటికి గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి, అన్నిటికీ మించి తెల్లమచ్చ జబ్బు భయం. రొయ్య ఆరోగ్యంగా ఉంటే, మొత్తం పట్టేయకుండా మూడో వంతు పట్టి సాంద్రత తగ్గించి, మిగతాది పెద్ద కౌంటుకు పెంచుకోవచ్చు. మేత తినడం తగ్గినా, పేగు తెల్లబడినా, మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రేలో మేత మిగిలినా ఆగకూడదు, ఏ రేటుకైనా పట్టాల్సిందే. సుంకాల గొడవ తేలేదాకా ఆగుదామని జబ్బు చెరువును ఉంచుకుంటే రేటులో వచ్చే నష్టం కాస్తా మొత్తం పంట నష్టం అవుతుంది.

మీ ఇంకో ప్రశ్న, రష్యా చమురుకీ రొయ్యకీ ఏమిటి సంబంధమని. సరుకుగా ఏమీ లేదు. 2022 యుద్ధానికి ముందు మన ముడిచమురులో రష్యా వాటా 2 శాతం లోపు, తర్వాత మూడో వంతు దాటింది. మనకంటే ఎక్కువ కొనే చైనాకు ఈ 25 శాతం జరిమానా పడలేదు. కాబట్టి ఇది నియమం కంటే ఒత్తిడి అనడంలో తప్పులేదు. అయితే ఇక్కడే ఒక సంగతి చూడాలి. చవక చమురు మిగులు చాలావరకు రిఫైనరీల దగ్గర, ఖజానా దగ్గర ఉండిపోయింది. బంకులో 2024 మార్చిలో లీటరుకు 2 రూపాయలు తగ్గింది, తర్వాత ఏడాదిన్నరకు కూడా అంతే. నష్టం మాత్రం రొయ్య, వస్త్రం, వజ్రాల పనివాళ్ల మీద పడింది. "ఎవరి దగ్గర కొనాలో మన ఇష్టం" అనే మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు పాలకొల్లు, కైకలూరు రైతులు ఒక్కరే భరించాలనడం మాత్రం అన్యాయం. దేశం నిర్ణయమైతే దేశమే మోయాలి.

అదే సమయంలో హైదరాబాద్ జనరిక్ మందులకు (పేటెంటు తీరిన మందుల చవక రకాలకు) మినహాయింపు ఇచ్చారు. ఎందుకు? ఆ మందులు ఆగిపోతే అమెరికా ఆసుపత్రులకు వెంటనే ఇంకో దారి లేదు, జనరిక్‌లు చేసేవాళ్ల ఓట్ల బ్యాంకు కూడా అక్కడ పెద్దగా లేదు. రొయ్యకు ఈక్వెడార్ ఉంది, లూసియానా, టెక్సాస్ తీరాల్లో రొయ్యల వేటగాళ్లున్నారు. వాళ్లనూ మర్చిపోకూడదు. అమెరికా తినే రొయ్యలో 90 శాతానికి పైగా దిగుమతే, పెంపకం రొయ్య ధరకు సముద్రం రొయ్య నిలవలేక వాళ్ల పడవలు ఒడ్డునే ఉండిపోతున్నాయి. లూసియానాలో రెస్టారెంటు దిగుమతి రొయ్య వడ్డిస్తే ఆ మాట చెప్పి తీరాలని చట్టం చేయించుకున్నారు. వాళ్ల గోడు అబద్ధం కాదు. 58 శాతం మాత్రం ఆ గోడుకు మందు కాదు, మన చోటులోకి ఈక్వెడార్ వస్తుంది తప్ప వాళ్ల పడవ కదలదు.

"ప్రభుత్వం ఎగుమతి సబ్సిడీ ఇచ్చేస్తే సరి" అని చాలామంది అంటున్నారు. జాగ్రత్త. ఆ 5.77 శాతం వేసిందే డ్యూటీ డ్రాబ్యాక్, రోడ్‌టెప్ లాంటి, ఎగుమతిదారు కట్టిన సుంకాలు, పన్నులు తిరిగిచ్చే పథకాలను సబ్సిడీలుగా లెక్కగట్టి. 2013లో అమెరికా రొయ్య పరిశ్రమవాళ్లు ఇదే ప్రయత్నం చేసి అక్కడి వాణిజ్య కమిషన్‌లో ఓడిపోయారు, 2024లో గెలిచారు. ఎగుమతి కిలోకు ఇంత అని ఇస్తే వచ్చే సమీక్షలో అది సుంకంగా తిరిగొస్తుంది. అదీ వెనక్కి వెళ్లి లెక్కిస్తారు. ఇవాళ కట్టేది డిపాజిట్ మాత్రమే, తుది శాతం ఏడాదో రెండేళ్లో ఆగాక తేలుస్తారు, పెరిగితే వడ్డీతో కట్టాలి. అందుకని కరెంటు, అప్పు వాయిదాలు, మేత ముడిసరుకు దిగుమతి సుంకం లాంటి, ఎగుమతితో ముడిపడని సాయమే అడగడం మేలు.

ఎదురు సుంకం వేయడం కొత్తేమీ కాదు. 2018లో అమెరికా ఉక్కు, అల్యూమినియం మీద సుంకం వేసింది, 2019 జూన్‌లో మనకిచ్చిన సుంకం రాయితీలూ తీసేసింది; అదే నెలలో మనం బాదం, అక్రోట్, యాపిల్, శనగ, మసూర్‌పప్పు లాంటి 28 సరుకుల మీద వేశాం. వాషింగ్టన్ రాష్ట్రం యాపిల్ రైతులు గగ్గోలు పెట్టారు, 2023లో రాజీ కుదిరాక యాపిల్ సహా కొన్నిటి మీద ఎత్తేశాం. నాలుగేళ్లు పట్టింది. అమెరికా కోలాలు తాగడం మానేద్దాం అంటే మాత్రం దెబ్బ ముందు ఇక్కడి బాట్లింగ్ ప్లాంటుకే తగులుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లమనే వాళ్లకు ఒక మాట: రొయ్య మీద అదనపు బాండు కేసులో 2008లో మనమే గెలిచాం. కానీ ఆ సంస్థ అప్పీలు విభాగం 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. ఇప్పుడు గెలిచినా అవతలివాళ్లు అప్పీలు అని చెప్పి అటకెక్కించవచ్చు.

తగాదా ఒక పంట నుంచి ఇంకో పంటకు ఎలా పాకుతుందో చూడాలంటే పత్తి చూడండి. అమెరికా సుంకంతో దెబ్బతిన్న వస్త్ర ఎగుమతిదారుల కోసం కేంద్రం 2025 ఆగస్టు 19 నుంచి పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. ముందు సెప్టెంబరు 30 దాకా అని, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించింది. సరిగ్గా ఆదిలాబాద్, వరంగల్, గుంటూరుల్లో కొత్త పత్తి వచ్చే కాలం అది. తిరుపూర్ మిల్లుకు ఊరట, మన పత్తి రైతుకు పోటీ. అప్పుడు అతనికి దిక్కు మద్దతు ధరే: పొడవు పింజ క్వింటాలు 8,110 రూపాయలు. అది తేమ 8 శాతం ఉంటే. 12 దాటితే మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ తీసుకోదు. వానలో ఏరిన పత్తిని రెండు మూడు రోజులు ఎండబెట్టకుండా తెస్తే బయటి వ్యాపారి చెప్పిందే ధర. ఎగుమతిదారుకు ఇచ్చిన ఊరట ఎవరి దగ్గర్నుంచి తీసి ఇచ్చారన్నది ఇలాంటి ప్రతి నిర్ణయంలోనూ అడగాల్సిన ప్రశ్న.

వేరే మార్కెట్ల సంగతి. బ్రిటన్‌తో 2025 జూలై 24న సంతకమైన ఒప్పందంలో రొయ్య మీద సుంకం సున్నా చేస్తామన్నారు, మంచిదే, కానీ అది అమెరికా అంత పెద్ద మార్కెట్ కాదు. యూరప్ పెద్దది. అక్కడ అడ్డంకి సుంకం కంటే యాంటీబయాటిక్స్. 2016లో మన పెంపకం రొయ్యలో సగం కన్‌సైన్‌మెంట్లను వాళ్లు పట్టి పరీక్షించడం మొదలుపెట్టారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి నిషేధిత యాంటీబయాటిక్స్ ఆనవాలు దొరికితే కంటైనర్ వెనక్కి, ఆ కంపెనీ మీద నిఘా. ఇది ఢిల్లీలో తేలే విషయం కాదు, చెరువు గట్టు మీద తేలేది. చెరువును ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) దగ్గర నమోదు చేయించాలి. సీడ్, మేత, మందుల బిల్లులు చెరువు వారీగా ఉంచాలి. పేరు లేని పొడి మందులు, "గట్ ప్రోబయోటిక్" అని లేబుల్ లేకుండా ఇచ్చే డబ్బాలు వాడకూడదు, దొరికిన ఆనవాళ్లలో కొన్ని వీటి నుంచే వస్తాయి. పట్టుబడికి ముందు శాంపిల్‌ను, ఈ మందుల ఆనవాళ్లు పట్టే ఎంపెడా ఎలీసా ల్యాబులో పరీక్ష చేయించి ఆ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకోవాలి. యూరప్‌కు పంపే ప్లాంటు దాన్ని ఎలాగూ అడుగుతుంది. అది లేని సరుకును, ఎంత నాణ్యంగా ఉన్నా, సుంకంతో పడిపోయిన అమెరికా రేటుకే అడుగుతారు.